ఒక నోటికి రెండు సుంకాలు

సూర్యుడు పొడిచేసరికి తామ్రకూటపు శిఖరాలు కొలిమిలోంచి అప్పుడే తీసిన కడ్డీల్లా ఎర్రగా మెరిశాయి. ఆ మెరుపు చూసి దూరదేశపు బాటసారి ఎవరైనా కొండ లోపల కొలుములు మండుతున్నాయనుకుంటాడు. కొలుములు చల్లారి ఏడాది దాటింది. వాటి నోళ్ళలో కుక్కలు ఈనుతున్నాయి. కొండ పాదాన కరాళలోయ నోరు తెరుచుకుని ఉంది. అడుగున విరజానది విరిగిన పాలలా తెల్లగా, ముక్కలు ముక్కలుగా పారుతోంది. లోయకు అడ్డంగా ఇనుప గొలుసుల వంతెన. ఇటు చివర ఒక సుంకపు ద్వారం, అటు చివర ఒక సుంకపు ద్వారం.

ఆ వంతెన వైపు ఇద్దరు మనుషులు దిగివస్తున్నారు. ముందు నడిచేవాడు బయ్యన. కొలిమి పనివాడు, చేతుల నిండా కాలిన మచ్చలు, మెడలో రాగి కంటె. వెనక నడిచే మనిషి ఓబులమ్మ. కంచర గాడిదల మీద సరుకు తోలి తల నెరిపించుకున్న ఆడది. ఇప్పుడు తోలుకోవడానికి ఆమెకు ఒక్క గాడిదా మిగల్లేదు.

తామ్రకూటంలో రాజు లేడు. అవతలి గట్టున సముద్రం ఒడ్డున ఉన్న వరుణతీరంలోనూ లేడు. రెండూ జనం కూర్చుని ఏలుకునే రాజ్యాలే. రాజు లేని చోట దోపిడీ ఉండదని నమ్మేవాళ్ళు ఈ వంతెన ఒక్కసారి దాటి చూడాలి.

వరుణతీరం ఓడల వర్తకులు తమ సొమ్ము తెచ్చి తామ్రకూటంలో కొలుములు వేయించారు. రాగి కరిగింది, లాభం పుట్టింది. లాభం మా గడ్డ మీద పుట్టింది కాబట్టి మూడో వంతు మాదంది తామ్రకూటం. లాభం తినేవాడు మా మనిషి కాబట్టి మూడో వంతు మాదంది వరుణతీరం. మిగిలిన దాంట్లో కూలీలూ దారి ఖర్చులూ పోగా వర్తకుడి చేతికి మసి అంటింది. ఒక్కొక్కడే సొమ్ము వెనక్కి తీసుకుపోయాడు. కొలుములు ఆరిపోయాయి, పొయ్యిలూ ఆరిపోయాయి.

అప్పుడు బయ్యన అన్న రేచన సముద్రపు ఒడ్డుకు వెళ్ళి వర్తకుల కాళ్ళావేళ్ళా పడ్డాడు. రెండో పన్నుకు నేను పూచీ, మీరు కొలిమి ఒక్కటైనా వెలిగించండి అన్నాడు. కొలిమి వెలిగింది. రెండో పన్ను కట్టడం అతని వల్ల కాలేదు. తూర్పు ద్వారం దగ్గర సుంకరి పట్టుకున్నాడని తెలిసింది. ఆ తరువాత రేచనను ఎవరూ చూడలేదు.

చివరికి తామ్రకూటం సభకు బుద్ధి వచ్చింది. ఒక లాభానికి ఒకటే పన్ను అని ఒప్పందం చేసుకోవడానికి సిద్ధపడింది. ఆ కొండ మనుషులు ఒప్పందాన్ని రాతలో పెట్టరు. రాతను కొనవచ్చు, చెరపవచ్చు అని వాళ్ళ అనుభవం. సభ తన వాక్కును ఒక మనిషి నోట పెడుతుంది. అతడు అవతలి సభలో దాన్ని పలికేదాకా మరొక మాట ఆడకూడదు. దగ్గవచ్చు, మూలగవచ్చు. మాట మాత్రం, అది ఒక్క పేరైనా సరే, బయటికి వచ్చిందా వాక్కు మైలపడినట్టే. మళ్ళీ నోట పెట్టడానికి ఏడాది ఆగాలి. దారిలో అవసరానికి అతని తరపున మాట్లాడేందుకు తోడుగా ఇంకొకరిని పంపుతారు. ఆ తోడును 'నోరు' అంటారు. ఈసారి బయ్యన వాక్కు మోస్తున్నాడు. ఓబులమ్మ నోరు.

పడమటి ద్వారం దగ్గర సుంకరి బోడిగుండు, బానపొట్టతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూస్తే తియ్యగా నవ్వే మనిషే. రెప్ప మాత్రం వెయ్యడు.

"ఎవడు వీడు? మూగవాడా?" అన్నాడు.

"వాక్కు మోసేటోడు సామీ. వీని నోరు నేను," అంది ఓబులమ్మ.

"వాడి నోరు వాడి దగ్గర లేదా?"

"ఉండాది. అన్నం తినేదానికి పెట్టుకున్నాడు. మాట్లాడేదానికి నన్ను కూలికి పిల్చుకున్నాడు."

సుంకరి నవ్వాడు. నవ్వుతూనే కాళ్ళ దగ్గరి కుంపటిలో గుప్పెడు మిరియాలు చల్లి, ఆ కుంపటిని బయ్యన ముఖం కిందికి తోశాడు. పొగ కళ్ళలో, ముక్కులో, గొంతులో దూరింది. బయ్యన వంగిపోయి పేగులు బయటికి వచ్చేలా దగ్గాడు. సుంకరి అతని చెవి దగ్గరకు వంగి మెల్లగా, "నీళ్ళు కావాలా నాయనా? అడుగు, ఇస్తాను," అన్నాడు. బయ్యన పిడికిలి బిగించి అరుగు అంచును పట్టుకున్నాడు. రాయి చర్మాన్ని కోసింది. మాట రాలేదు.

"దగ్గుకు సుంకం లేదా సామీ?" అంది ఓబులమ్మ.

"లేదు."

"మర్చిపోయినట్టుండారు."

వాక్కు మోసేవాడి మీద చెయ్యి చేసుకుంటే రెండు రాజ్యాలూ కత్తి దూస్తాయి. అది సుంకరికి తెలుసు. గొలుసు వదిలాడు. ఇద్దరూ వంతెన ఎక్కారు.

లోయ మధ్యకు చేరేసరికి గాలి ఆగిపోయింది. తలల మీద నీడలు తిరిగాయి. అవి పలుకుగద్దలు. రెక్క విప్పితే పడవ తెరచాపంత. ముక్కు పారలా వంగి ఉంటుంది. గొంతు మాత్రం మనిషిది, అదీ ఎవరు కావాలంటే వాళ్ళది. ఒక గద్ద కిందికి దిగి, చచ్చిపోయిన బయ్యన తల్లి గొంతుతో, "బయ్యా, ఆకలేస్తోందిరా, ఏమన్నా తెచ్చినావా?" అని అడిగింది. ఇంకొకటి పసిబిడ్డలా ఏడ్చింది. ఓబులమ్మ కొంగు నడుముకు బిగించి, గద్దల తల్లినీ తండ్రినీ తాతలనూ వరసబెట్టి తిడుతూ కర్ర తిప్పింది.

పెద్ద గద్ద ఒకటి రాయిలా పడింది. గోళ్ళు బయ్యన భుజంలో దిగాయి. ఆ విసురుకు కాలి కింది పలక విరిగింది. ఒక్క చేత్తో గొలుసు పట్టుకుని విరజానది మీద వేలాడాడు. నెత్తురు మోచేతి మీదుగా కారి నదిలోకి రాలుతోంది.

"పట్టుకున్నావా బయ్యా? పట్టుకున్నానని చెప్పు," అంది ఓబులమ్మ గొంతు, ఎడమ వైపు నుంచి.

"చెప్పొద్దురా, అది నేను కాదు," అంది ఓబులమ్మ గొంతు, కుడి వైపు నుంచి.

"అదే గద్ద. నేను ఓబులమ్మను. చెప్పు నాయనా."

బయ్యన రెంటికీ జవాబివ్వలేదు. ఖాళీ చేత్తో భుజం మీది గద్ద కాలిని దొరకబుచ్చుకుని ఇనుప గొలుసుకేసి బాదాడు. రెండో దెబ్బకు మెడ విరిగింది. గొలుసుల మధ్య ఇరుక్కున్న దాని కళేబరం మీద కాలు మోపి, పైకి ఎగబాకి, పలకల మీద బోర్లా పడ్డాడు. ముగ్గురు మనుషుల గొంతులతో ఒకేసారి అరుస్తూ గద్దలు పైకి లేచిపోయాయి. ఓబులమ్మ తన కొంగు చించి అతని భుజానికి కట్టుకట్టింది.

"నా గొంతు అంత కర్ణకఠోరంగా ఉంటుందా?" అంది. "ఇన్నేండ్లూ ఎవురూ చెప్పలేదు."

తూర్పు ద్వారం దగ్గర సుంకరి బక్కపలచటివాడు. గడ్డం బొడ్డు దాకా దిగింది. గంధం పూసుకుని, పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. బయ్యన అతని ముఖం చూసి ఆగిపోయాడు. ఈ మనిషీ రెప్ప వెయ్యడం లేదు.

ఓబులమ్మ కూడా చూసింది. "సామీ, గడ్డం ఇంత తొందరగా ఎట్లా పెరిగింది?" అంది.

సుంకరి దాచలేదు. "నువ్వే కనిపెట్టావు. శభాష్. మీ సభ సుంకపు హక్కును ఏటా వేలం వేస్తుంది. వీళ్ళ సభా వేస్తుంది. అవతలి గట్టున ఎవడు పాడుకున్నాడో అడగడం మా మర్యాద కాదని ఇద్దరూ గొప్పలు పోతారు. ధూమకర్ణుడనే ఈ మాంత్రికుడు ఒకడే, గుమ్మాలు రెండు. పన్ను ఒకటే అయిందనుకో, నా గుమ్మం ఒకటి పడిపోతుంది. పన్ను కట్టలేని మనుషులు నాకు దొరకరు."

అతను చెయ్యి ఊపాడు. బండ వెనక నుంచి గాడిదల వరుస బయటికి వచ్చింది. రాగి ముద్దల బరువుకు వాటి వీపులు పుళ్ళు పడి ఉన్నాయి. ఈగలు ముసిరినా తోక కదిపే ఓపిక లేదు. దారి పక్కన గుడ్డ పరుచుకుని కూర్చున్న ఒక ముసలామె వాటిని చూడగానే లేచి నిలబడింది.

"ఈమె వచ్చి చాలా కాలమైంది," అన్నాడు మాంత్రికుడు. "ఈ రోజు నా మనసు మెత్తగా ఉంది. పిలుచుకో అవ్వా."

"సోమిగా," అంది ముసలామె. "ఒరే తమ్ముడూ, సోమిగా."

మూడో గాడిద వణికింది. చెవులు కుంచించుకుపోయాయి, ముందు కాళ్ళు చేతులయ్యాయి. ఒక నెరిసిన తల మనిషి రాగి ముద్దల కింద నలిగి నేల మీద పడి ఉన్నాడు. అక్క బరువు తీసి లేపింది. అతను లేచి నిలబడలేదు. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గట్టున ఉన్న గడ్డి కొరికాడు. ముసలామె అతని నోట్లోంచి గడ్డి లాగుతూ ఏడుస్తోంది.

"చూశావుగా," అన్నాడు ధూమకర్ణుడు బయ్యనతో. "ఒక తల్లి పాలు తాగినవాళ్ళు వినిపించేంత దూరంలో పేరు పెట్టి పిలిస్తే చాలు. ఎంత గట్టి మంత్రానికైనా ఒక చిల్లు ఉంటుంది. ఈ చివరిది ఎవరో తెలుసా?"

చివరి గాడిద తొట్టి దగ్గర తల వంచింది. నీళ్ళు ముట్టుకోబోయే ముందు రెండు సార్లు ఉఫ్ ఉఫ్ అని ఊదింది. కొలిమి పనివాళ్ళందరూ తాగే నీళ్ళు ఊదుతారు. రేచన ఆ ఊదడంలో కుడి పక్కకు తల వాల్చేవాడు. గాడిద కుడి పక్కకు తల వాల్చింది. తరువాత తల ఎత్తి బయ్యనను చూసింది.

"సాయంత్రం నా ఓడ కదులుతుంది," అన్నాడు మాంత్రికుడు. "సముద్రం దాటాక గాడిదను చంపి తోలు తీస్తారు. డోళ్ళకు బాగుంటుంది. ఒక్క పేరు నాయనా. నీ రెండు రాజ్యాలూ నీకేం పెట్టాయి?"

బయ్యన నోరు తెరుచుకుంది. నోరుగా వచ్చిన ఓబులమ్మ ఆ ఒక్క చోట మాత్రం నోరు కట్టేసుకుంది. బయ్యన దవడ రెండు చేతులతో పట్టుకుని మూసుకున్నాడు. అన్న పక్క నుంచి, దాదాపు తాకుతూ, నడిచిపోయాడు. గాడిద వెనక నాలుగు అడుగులు వచ్చింది. తరువాత తాడు బిగుసుకుంది.

కొండ దిగుతుంటే ఓబులమ్మ అంది: "మీయన్న తప్పు పట్టుకోడు. వాక్కు పలికితే రెండో పన్ను కింద పట్టుకున్నోళ్ళంతా విడుదలంట గదా. అందరూ వస్తారు." పొద్దు వైపు చూసి, "పరిగెత్తు," అంది.

మధ్యాహ్నానికి వరుణతీరపు కడలివాకిలి చేరారు. శంఖాలు తాపిన గోడలు, పగడపు తోరణం, గాలికి గలగలలాడే గవ్వల తెరలు. ఆ సొగసంతా ఉప్పు తిని పెచ్చులూడుతోంది. వాకిలి కాపలాదారు పోలయ్య, పడవ తాళ్ళు లాగి లాగి వేళ్ళు వంకరపోయిన ముసలాయన.

"పేరేటి?" అన్నాడు బయ్యనతో.

"బయ్యన," అంది ఓబులమ్మ.

"నిన్ను కాదమ్మా. ఆడు సెప్పాలి. మా ఊళ్ళోకొచ్చినోడు మొదటి మాట తన పేరే తన నోటితో సెప్పాలి. పేరు తెలీని శవాన్ని సముద్రం కూడా ఉంచుకోదు, ఒడ్డుకి విసిరేస్తది. సెప్పకపోతే లోపలికి ఒగ్గం."

"వీడు వాక్కు మోసేటోడు. మొదటి మాట మీ సభకే చెప్పాల."

"సభ లోపలుంది."

"లోపలికి పోనీ."

"పేరు సెప్పి ఎల్లమను."

ఓబులమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "మా కొండోళ్ళకు ఒక మొదటి మాట, మీ సముద్రమోళ్ళకు ఒక మొదటి మాట. వీనికి నోరు ఒకటే. ఒక నోటికి రెండు సుంకాలు ఎట్లా కట్టేది? ఇదేగదా తాతా, ఏడాదిగా మనందరి ప్రాణం తీస్తున్నది."

పోలయ్య గడ్డం గోక్కున్నాడు. "అది నిజమేగానీ, కట్టుబాటు కట్టుబాటే."

ఆ మాట అడ్డం పడినంతగా మాంత్రికుడైనా అడ్డం పడలేడు. కింద రేవులో నల్ల తెరచాపల ఓడ ఒకటి కనిపిస్తోంది. కొండ దారిలో దుమ్ము లేచింది. ధూమకర్ణుడు ఒక్క గాడిదను మాత్రం తాడు పట్టి రేవు వైపు ఈడ్చుకుపోతున్నాడు.

అప్పుడే ఒడ్డు నుంచి పదుల మంది కలిసి లాగే అలివి వలను భుజాల మీద మోసుకుంటూ జాలర్లు వస్తున్నారు. ఆడా మగా, తడి బట్టలు, చేతుల నిండా పొలుసులు. ఓబులమ్మ వాళ్ళకు అడ్డంగా నిలబడింది. "తాతా, నేను ఇరవై ఏండ్లు మీ ఊరికి సరుకు తోలినా. అలివి వల లాగేంత మంది నేల మీద కూర్చుంటే మీకు అదే సభ. కాదంటావా?"

"అవును."

"లోపలే కూర్చోవాలని ఉందా?"

పోలయ్య వల మోస్తున్నవాళ్ళను లెక్కపెట్టుకున్నాడు. "లేదు," అన్నాడు చివరికి. "ఒరే, వల దించండి. కూకోండి."

జాలర్లు వాకిలి బయట దుమ్ములో కూర్చున్నారు. బయ్యన వాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఊరు వదిలిన దగ్గర్నుంచీ మూసుకుపోయిన గొంతు మొదట గరగరలాడింది. తరువాత వాక్కు వచ్చింది.

"తామ్రకూటం సభ మాట. లాభం పుట్టిన చోట పన్ను పుడుతుంది. ఒక గట్టున కట్టినవాడికి ఆ కట్టినంత మేరకు రెండో గట్టున మాఫీ. మీ సొమ్ము మా కొండల్లో పెట్టండి, మా మనుషులు మీ ఒడ్డున కొలుములు పెడతారు. రెండో పన్ను కింద పట్టిన ప్రతి మనిషీ ఈ నేల మీద ఎక్కడున్నా ఈ మాట కుదిరిన క్షణాన విడుదల. మీరు ఒప్పుకుంటే కూర్చోండి. కాదంటే లేవండి."

వరుణతీరంలో అదే పద్ధతి. కూర్చున్నవాళ్ళు ఔనన్నట్టు, లేచినవాళ్ళు కాదన్నట్టు. తీర్పు తేలేలోగా మాట తెచ్చినవాడే లేస్తే మాట వెనక్కి తీసుకున్నట్టు.

ఎండుచేపలు అమ్మే ఒక ఆడమనిషి లేచింది. "మా పన్ను మేమెందుకు ఒగ్గుకోవాలి? ఆ సొమ్ము మా ఓడలోళ్ళది."

"ఏడాది నుంచి ఎంత వచ్చిందమ్మా ఆ పన్ను?" అంది ఓబులమ్మ.

"ఏటీ రాలేదు."

"ఆ ఏమీ లేనిదే వదులుకోమంటుండాం."

ఎవరో నవ్వారు. ఇంకొకడు లేచాడు, కొండవాళ్ళు రాగిలో సీసం కలుపుతారన్నాడు. వేరొకడు లేచి అసలు విషయం మరిచి వల పంపకం గురించి తగువు పెట్టుకున్నాడు. రేవులో ఓడ మీదికి గాడిదను తాళ్ళు కట్టి ఎత్తుతున్నారు. గాలిలో నాలుగు కాళ్ళూ వేలాడుతున్నాయి. బయ్యనకు అంతా కనిపిస్తోంది. అక్కడికి గొంతు చేరదు, పరిగెత్తాలి. పరిగెత్తాలంటే లేవాలి. అతని కాళ్ళు వాటంతట అవే లేవబోతే రెండు చేతులతో నేలను పట్టుకున్నాడు. గోళ్ళ కింద మట్టి నిండింది. పొద్దు వాలింది. తెరచాప విచ్చుకుంది.

"తొందరగా తేల్చండి," అంది ఓబులమ్మ. "వీడి అన్న ఆ ఓడలో ఉండాడు."

జాలర్లు తలలు తిప్పి ఓడను చూశారు, బయ్యన చేతులను చూశారు. వల తగువు ఆగిపోయింది. లేచిన ముగ్గురిలో ఎండుచేపల మనిషి మొదట కూర్చుంది. సీసం సంగతి మాట్లాడినవాడు నిలబడే ఉన్నాడు. మిగతా అందరూ కూర్చుని ఉన్నారు.

"కుదిరింది," అన్నాడు పోలయ్య.

కొండ దారిలో ఒక్కసారిగా మనుషుల గొంతులు లేచాయి. గాడిదలు నిలబడి ఉన్న చోట జనం పడి ఉన్నారు, రాగి ముద్దలు దొర్లిపోతున్నాయి. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో తన వీపు తడుముకుని అరుస్తున్నారు. ఓడ అప్పటికే నేల వదిలింది. రెండు రాజ్యాల మాటా నేల మీదే చెల్లుతుంది.

బయ్యన పరిగెత్తాడు. ఉప్పు కుప్పల మీదుగా, ఆరేసిన వలల మీదుగా, రేవు చివరి బండ మీదికి. ఓడ ఇంకా గొంతు అందే దూరంలోనే ఉంది. కొసన గాడిద తల కనిపిస్తోంది. రొమ్ము నిండా గాలి పీల్చి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"అన్నా."

గాడిద తల తిప్పింది.

"అన్నా," అని మళ్ళీ అరిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ నోటికి ఆ మనిషి అన్నే. ఏ తమ్ముడూ అన్నను పేరు పెట్టి పిలవడు. గాడిద అతని వైపే చూస్తోంది. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఒళ్ళు గాడిద ఒళ్ళుగానే ఉంది. ధూమకర్ణుడు పక్కన నిలబడి కదలకుండా వింటున్నాడు.

"పేరురా," వెనక నుంచి ఆయాసపడుతూ ఓబులమ్మ అంది. "పేరు పెట్టి పిలువు."

"రేచనా," అన్నాడు బయ్యన. మొదటిసారి అది గొంతులోంచి సగమే వచ్చింది. రెండోసారి గట్టిగా వచ్చేసరికి గాలి పక్క నుంచి తిరిగి కొట్టి ఆ పిలుపును ఎత్తుకుపోయింది. తెరచాప కిందకు ఒరిగి, ఓడ రేవు ముఖద్వారం దాటింది. గాడిద కదల్లేదు.

బండకు కట్టిన తెప్ప తాడును పళ్ళతో కొరికి తెంపాడు బయ్యన. ఓబులమ్మ అడగకుండానే ఎక్కి రెండో తెడ్డు అందుకుంది. "నాకు ఈత రాదు. ముందే చెప్తుండా," అంది.

అలలు తెప్పను ఎత్తి కుదేశాయి. ఒక్కో తెడ్డుకు ఒక్కోసారి ఆ పేరు అరుస్తూ బయ్యన నీళ్ళు తోశాడు. ఓడ మీద మాంత్రికుడు వంగి సముద్రంలో గుప్పెడు బూడిద చల్లాడు. తెప్పకూ ఓడకూ మధ్య నీళ్ళు నల్లబడి, ఉబ్బి, గుట్టలా లేచాయి. ఆ గుట్టకు కళ్ళు ఉన్నాయి. ఓబులమ్మ తెడ్డు ఆపింది. బయ్యన ఆపలేదు. కళ్ళున్న ఆ గుట్ట వైపే తెప్పను తిప్పి, దాని మీదుగా అవతలికి వినిపించేలా మళ్ళీ పిలిచాడు.